పొగగూట్లో నూతి ఒరలు

ఒరల కుమ్మరి పోయాడని పడవ సరంగు చెప్పగానే ముందు నాకు కలిగింది సంతోషం. దాచి ఏం లాభం? సరంగు రేవులో కొబ్బరికాయలు దింపిస్తూ, "రామచంద్రపురం అవతల ఆ ఒరలాయన, మీకు తెలుసుగా మేస్త్రి గారూ, మొన్న మంగళారం పోయాడండి. ఒరలు కాల్చే ఆవం పక్కన కూచున్నవాడు కూచున్నట్టే పోయాడంట," అన్నాడు. నేను "అయ్యో" అన్నాను. అయ్యో అన్నది నోరే. లోపల మాత్రం ముప్పై ఏళ్ళుగా నెత్తిన మోస్తున్న సున్నపు తట్ట ఎవరో దింపినట్టయింది. ఇంటికి వచ్చి రెండు పూటలు కడుపునిండా తిన్నాను కూడా. మూడో పూట ముద్ద దిగలేదు.

ఎందుకు దిగలేదో రాస్తాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. పరంజా మీంచి పడి కాలు విరిగి మంచాన ఉంటే మా అమ్మాయి పలక తెచ్చి ఒళ్ళో పెట్టింది. కాబట్టి సొగసుగా రాయడం నాకు చేతకాదు. ఇటిక మీద ఇటిక పెట్టినట్టు రాస్తాను.

మాది కాకినాడ జగన్నాథపురం. మా నాన్న తాపీ మేస్త్రి, నేనూ అంతే. ఉప్పుటేటి ఒడ్డున ఒలందా వాళ్ళ, అదే డచ్చి దొరల, కాలంనాటి మిద్దె ఇల్లు ఒకటుంది. ఎన్ని చేతులు మారినా దాని మరమ్మతుకి కబురు మా ఇంటికే వచ్చేది. ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు మా నాన్న తలపాగా సర్దుకునేవాడు, ఇల్లు తనదే అన్నట్టు. ఆయన తరవాత నేనూ సర్దుకునేవాణ్ణి.

ఆ ఇంట్లో ఒక వింత ఉంది. వంటగది గోడలోనే కట్టిన పెద్ద పొయ్యి. దాని నెత్తి మీంచి పొగగూడు బయలుదేరి, పైగది గోడలోంచి పైకెళ్ళి, కప్పు దాటి మనిషెత్తున నిలబడి ఉంటుంది. మన పొగ పెంకుల సందుల్లోంచి తన దారి తనే చూసుకుంటుంది గానీ దానికింత ఇల్లు ఎవరు కడతారు? ఒలందా వాళ్ళు పోయాక అందులో నిప్పు వేసినవాళ్ళు లేరు. వంటంతా పెరట్లో తాటాకు పాకలోనే. పొగగూట్లో కాకులు గూళ్ళు పెట్టాయి, పైన రావి మొక్క మొలిచింది.

తరవాత ఆ ఇల్లు మిషను దొరసాని చేతికి వచ్చింది. ఆడపిల్లల బడి పెట్టింది. ఓ వేసంగిలో ఆ వంట పాక అంటుకుంది. రవ్వలు ఎగిరి ఏటి ఒడ్డు పాలెం దాకా పోయి రెండు కొంపలు బుగ్గి చేశాయి. మర్నాడు దొరసాని నన్ను పిలిపించింది. ఆవిడ తెలుగు పుస్తకం చదివినట్టు ఉండేది.

"మేస్త్రీ, ఇకమీదట ఈ ఆవరణములో తాటాకు క్రింద నిప్పు ఉండకూడదు. ఈ పాత పొయ్యిని బాగుచేసి ఇమ్ము. ఓడల మీద వచ్చు రాక్షసి బొగ్గు ఇందులో కాల్చెదము. పైగదిలో ఇరువదిమంది ఆడపిల్లలు పండుకొందురు. కనుక జాగ్రత్త."

ఆ ఇరవైమందిలో మా అమ్మాయి ఒకతె. మా ఆవిడ అప్పటికే ఆదివారం ప్రార్థనకి పోతుండేది, పిల్లని బడిలో వెయ్యకపోతే అన్నం ముట్టనని కూచుంది, నేను ఒప్పుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నాన్నా నేనూ ఆ పైగది కప్పు మార్చాం. ఒక తాటి దూలం కొసకి ఆనిక కావలసి వచ్చింది. అన్నిట్లోకీ లావైన గోడ పొగగూడుదే. "ఇందులో ఇంకెవడు నిప్పేస్తాడ్రా, పెట్టెయ్," అన్నాడు నాన్న. నేనే ఉలితో తొలిచాను. దూలం కొస పొగదారి అంచు దాకా పోయింది. లోపలి వైపు నాలుగు వేళ్ళ మందాన సున్నం కప్పి, గది వైపు నున్నగా రుద్దాను. కోడిగుడ్డు సొనా, కరక్కాయ నీళ్ళూ పోసి రుద్దిన పని అది. మొహం కనపడేటంత నునుపు. నాన్న నన్ను మొదటిసారి మెచ్చుకున్నది ఆ గోడ చూసే.

దొరసాని పొయ్యి బాగుచెయ్యమన్న రోజున ఆ దూలం నాకు గుర్తుంది. బాగా గుర్తుంది. చెప్పలేదు. చెబితే పోయిన నాన్న పేరు పాడవుతుంది, ఆ ఇల్లు నా చెయ్యి జారుతుంది. పొగదారి లోపల అంతా సున్నపు పూత వేయిస్తే దూలం కొస కూడా దాని వెనక సురక్షితంగా ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. పూత వేయించాను. నెల తిరక్కుండానే పొరలు పొరలుగా ఊడి పొయ్యిలో పడింది. ఉప్పుగాలి అనుకున్నాను, ముసురు అనుకున్నాను. దొరసాని నన్నేమీ అనలేదు. ఎవరి దగ్గర విన్నదో, కాలవ మీద కబురంపి ఒరల కుమ్మరిని పిలిపించింది.

ఒరలంటే ఇక్కడివాళ్ళందరికీ తెలిసినవే. నుయ్యి తవ్వినప్పుడు ఇసక కూలకుండా ఒకదాని మీద ఒకటి దించే కాల్చిన మట్టి చుట్లు. వాటిని పొగగూట్లో దించుతాడట. నాకు నవ్వొచ్చింది. "దొరసాని గారూ, నూతిలో నీళ్ళుంటాయండి, పొగగూట్లో నిప్పుంటుంది," అన్నాను. "ఆ ఒర కూడ నిప్పులోనే గదా కాలినది," అంది ఆవిడ.

పడవ నిండా గడ్డిలో పొదిగి ఒరలు తెచ్చాడు. బక్క మనిషి. నా వయసే ఉంటుంది. మోసీ మోసీ ఒక భుజం దిగిపోయింది. చేతులు తుడుచుకోవాలంటే తలకే రాసుకునేవాడు, అందుకని జుట్టు ఎప్పుడూ బూడిదరంగు. ఒక్కో ఒరనీ ఒడ్డున నిలబెట్టి, కళ్ళు మూసుకుని, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. మోగితే ఒక పక్క, మోగకపోతే ఒక పక్క. మోగనివాటిని పారెయ్యలేదు, కోళ్ళు కప్పెట్టుకోమని బెస్త ఆడవాళ్ళకి ఇచ్చేశాడు. రాగానే ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు అతని వైపు అయిపోయారు. నేను ఆ ఊళ్ళో పుట్టి పెరిగాను, నన్ను చూసి ఎవరూ అలా పళ్ళికిలించలేదు.

అసలు దెబ్బ మొదటిరోజే తగిలింది. దొరసానీ నేనూ చూస్తుండగా అతను పొయ్యిలోకి వంగి, రాలిన చోట ఒక ఇటిక మీద నాలిక పెట్టాడు. ఏదో పచ్చడి రుచి చూసినట్టు చప్పరించి ఇటు తిరిగాడు.

"ఉప్పండి," అన్నాడు. "ఇటిక లోపలికంటా ఉప్పు తాగేసిందండి. దీని మీద మేస్త్రి గారి సున్నం కాదు, బంగారం మెత్తినా ఊడొస్తుంది. మేస్త్రి గారి తప్పేం లేదండి."

దొరసాని నవ్వింది. పదేళ్ళు ఆవిడ దగ్గర పని చేశాను, నా పని చూసి ఒక్కరోజు నవ్వి ఎరగదు. పైగా నా తప్పేం లేదని చెప్పడానికి అతనెవడు? ఆ మాట చెప్పే అధికారం నాది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఎవరూ లేరని చూసి, మా వంటింటి గోడ నాకాను. మా ఆవిడ నీళ్ళబిందెతో వెనకే ఉంది.

"ఏంటయ్యా అది? గోడ నాకుతున్నావేంటి?"

"ఏం లేదు. ఉప్పుందేమోనని."

"ఉప్పు కావాలంటే అడగొచ్చుగా? పొద్దున్న పులుసులో తక్కువైందని అప్పుడే చెప్పాల్సింది," అని, పని అయ్యేదాకా బడి నుంచి ఇంటికి వచ్చిన పిల్లని పిలిచి మరీ నవ్వింది.

నాకు ఇటిక రుచి తెలిసింది గానీ ఉప్పు తెలియలేదు. తరవాత చాలా ఇళ్ళ గోడలు నాకాను, ఎవరూ చూడకుండా. ఇప్పటికీ నాకు తెలియదు. అది అతని నాలిక.

అతనికి ఒక మాట ఊతపదం. "మంట ఎక్కడికీ పోదండి" అనేవాడు. దొరసాని తొందరపెడితే ఆ మాట. వంటవాడు వచ్చి ఇంకా ఎన్నాళ్ళు ఎండలో వండను అంటే ఆ మాట. మూడు రోజులు తాడుకి తుమ్మకంప మోపు కట్టి పొగగూట్లో పైకీ కిందకీ లాగాడు. కాకి గూళ్ళు, గబ్బిలాల పెంట, తట్టలకి తట్టలు మసి దిగాయి. కాకి గూట్లో ఒక వెండి చెంచా దొరికింది, ఏ కాలపు దొరదో. తీసుకెళ్ళి దొరసానికి ఇచ్చి వచ్చాడు. అందుకూ నాకు కన్ను కుట్టింది. నాకు దొరికి ఉంటే నేనూ ఇచ్చేవాణ్ణే. దొరకడం కూడా అతనికే దొరకాలా?

మసి దులిపాక దీపం తాడుకి కట్టి పైనుంచి నెమ్మదిగా దింపుతూ లోపలంతా చూశాడు. నేను కింద పొయ్యిలోంచి తలెత్తి అతని మొహమే చూస్తున్నాను. నా పూత ఊడిందంటే దూలం కొస మీది సున్నం కూడా ఊడే ఉంటుంది. తాటి దూలం నల్లటి పీచుతో ఇటికల మధ్య కొట్టొచ్చినట్టు కనపడుతుంది. దీపం ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. తరవాత కిందకి దిగి వచ్చి, చేతులు తలకి రాసుకుని, "మీ గోడ గట్టిదేనండి," అన్నాడు. అంతే. అమ్మయ్య, కుమ్మరోడికి దూలం ఆనవాలు తెలియలేదు అనుకున్నాను. మనసులో ఎంత చులకన చేశానో చెప్పలేను. ఉప్పు రుచి తెలిసినవాడికి దూలం కనపడలేదు!

ఒకటి మాత్రం ఉంది. ఎప్పుడూ "మీ గోడ" అనేవాడు. ఆ ఇల్లు నాదని నా నోటితో కాకుండా ఇంకొకరి నోటితో విన్నది అతని దగ్గరే.

ఒరలు దించడం మొదలైంది. తాడు కొసకి అడ్డకర్ర, దాని మీద ఒర, పైనుంచి దింపి కింది ఒరలో కూచోబెట్టి తాడు విదిలిస్తే కర్ర ఊడి పైకి వచ్చేసేది. అతుక్కి సున్నం పెట్టనిచ్చాడు కాదు. "సున్నం నిప్పు దగ్గర ఉండలేదండి," అని బంకమట్టీ ఊక బూడిదా కలిపి పెట్టాడు. ఒరకీ పాత గోడకీ మధ్య జానెడు సందు ఉంటే అందులో ఊక బూడిద పోయించాడు. వేడి బూడిద దాటి రాదట.

పనివాళ్ళు అందరూ ఉన్న సమయం చూసి ఒకరోజు నేను అందుకున్నాను.

"ఏం కుమ్మరీ, ఒర వెడల్పు మూతి పైకి పెట్టి దించుతున్నావు? మీ ఊళ్ళో నూతులన్నీ ఇలా తలకిందులేనా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"నూతిలో తడి బయట్నించి లోపలికి వస్తుందండి. ఇక్కడ మసినీరు లోపల్నించి బయటికి పోదామని చూస్తుంది. మూతి పైకి ఉంటే పై ఒర దాని లోపల కూచుంటుంది, కారిందంతా లోపల్లోపలే కారి పొయ్యిలోకి దిగుతుంది. కిందకి పెడితే ప్రతి అతుకులోంచీ మీ గోడలోకి దిగుతుందండి. మీ గోడ పాడైపోదూ?"

పనివాళ్ళు ఇప్పుడు నా వైపు చూసి నవ్వారు.

పైగది ఎత్తుకి వచ్చేసరికి రెండు రోజులు పని ఆపేశాడు. మట్టి ఆరాలట. ఆ రెండు రోజులూ నేను ఎక్కడ ఉంటే అక్కడ కూచునేవాడు. చుట్ట ఇచ్చేవాడు. "ఈ కప్పు మీరే వేశారట కదండీ," అనేవాడు. "మీ నాన్నగారు మంచి పనివాడంట." "ఈ గోడ ఇంత నున్నగా ఎలా వచ్చిందండి?" నేను చుట్ట తాగి ఊరుకున్నాను. లేచి పోయి దొరసానికి చెప్పాను కూడా: ఈ మనిషి పని ఎగ్గొట్టి కబుర్లు చెబుతున్నాడని. ఆవిడ అడిగితే, "మంట ఎక్కడికీ పోదండమ్మా," అన్నాడు.

మూడోరోజు మళ్ళీ మొదలుపెట్టి పై దాకా పూర్తి చేశాడు.

పొయ్యి ముట్టించే రోజు పొద్దున్నే అందరం చేరాం. దొరసాని, వంటవాడు, నేను, పెరట్లో చాపలూ పెట్టెలూ పట్టుకుని పిల్లలు. సరుగుడు పుల్లల మీద రాక్షసి బొగ్గు పేర్చి ఉంది. కుమ్మరి ఒక నీళ్ళకుండ తెచ్చి పొయ్యి పక్కన తన కాలి దగ్గర పెట్టుకున్నాడు. దొరసాని ప్రార్థన చేసింది. అయ్యాక అతను చేతులు కట్టుకుని అన్నాడు:

"అమ్మగారూ, మా ఇళ్ళల్లో ఒక అలవాటండి. కొత్త ఆవం మీద ఎవరి కన్ను పడిందో వాళ్ళ చేతే ముట్టిస్తాం. ముట్టించాక ఆ కన్నే దానికి కాపలా కాస్తుందండి."

"ఇవి మూఢనమ్మకములు," అంది దొరసాని. "అయినను ఎవరి కన్ను పడినది?"

"మేస్త్రి గారిదండి," అన్నాడు, దాపరికం లేకుండా, ఎవరిది ఆ గొడుగు అంటే చెప్పినట్టు.

అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. చెవులు మాత్రం మండిపోయాయి. నా కుళ్ళు నేను ఎంత జాగ్రత్తగా దాచుకున్నాననుకున్నానో! ఎండు కొబ్బరాకు చుట్టి వెలిగించి నా చేతికి ఇచ్చాడు. వంగాను. అప్పుడు మా అమ్మాయి పిల్లల్లోంచి పరుగెత్తుకు వచ్చింది.

"నాన్నా, నా చాప ఎక్కడ పరుచుకుంటానో తెలుసా? నువ్వు రుద్దిన గోడ పక్కన. అది మా నాన్న రుద్దిందే అని అందరికీ చెప్పాను. చెంప పెడితే ఎంత బాగుంటుందో!"

కొబ్బరాకు కాలుతోంది. నా చెయ్యి ముందుకి పోలేదు. ఆ నున్నటి గోడ వెనక ఏముందో ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు అనుకున్నాను. బొగ్గు ఒక్కరోజులో ఏమీ చెయ్యదు. నెలలు పడుతుంది, ఏడాది పడుతుంది. ఒరలో ఎక్కడో నెర్ర ఇస్తుంది, దూలం లోపల్లోపల రాజుకుంటుంది, ఏ రోజునో. అప్పుడు అందరూ అనేది కుమ్మరి పని అనే. ఆ ఆలోచన కూడా నాకు వచ్చింది. వచ్చిందని రాయకపోతే ఇదంతా రాయడం దండగ. నా బిడ్డ నా ముందే నిలబడి ఉండగా, అంత వెలుతురులో, నాకు ఆ ఆలోచన వచ్చింది. అది వచ్చినందుకే భయపడ్డాను. మంట వేళ్ళ దాకా వచ్చి చుర్రుమంటే ఆకు కుండలో ముంచేశాను.

"ఏమి మేస్త్రీ?" అంది దొరసాని.

కుమ్మరి నా పక్కకి వంగాడు. "దూలం ఉంది," అన్నాను అతనికి మాత్రం వినపడేటట్టు. "పైగదిలో. కొస పొగదారి దాకా ఉంది. నేనే పెట్టాను."

అతను తలూపాడు. లేచి నిలబడి గట్టిగా అన్నాడు: "అమ్మగారూ, మేస్త్రి గారు కనిపెట్టారండి. పైగదిలో దూలం కొస ఒకటి పొగగూట్లోకి వచ్చి ఉందంట. పాతకాలం పని. ఇవాళ ముట్టించవద్దంటున్నారు."

దొరసాని మొహం తెల్లకాగితం అయింది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. "మేస్త్రీ, నీవు ఇరువది ప్రాణములు కాపాడితివి," అంది. ఆ ఆదివారం నా పేరు చెప్పి ప్రార్థన చేశారట. మా ఆవిడ వచ్చి చెప్పింది, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

ఆ మధ్యాహ్నమే మేమిద్దరం పైగదిలో గోడ విప్పాం. నేను రుద్దిన నునుపంతా నేనే ఉలితో పగలగొట్టాను. అతను దీపం పట్టుకున్నాడు. ఇటికలు తీశాక లోపల ఒరా గోడా మధ్య బూడిద ఉంటుంది, మీద పడుతుందని కళ్ళు మూసుకున్నాను. ఏమీ పడలేదు. చూస్తే అక్కడ బూడిదే లేదు. దూలం చుట్టూ మూరెడు మేర ఖాళీ. పై బూడిద జారకుండా అడ్డంగా పెంకులు పరిచి ఉన్నాయి, నీటుగా, ఒకదాని అంచు ఒకదాని మీదికి.

ఉలి కింద పెట్టేశాను.

"ఎప్పుడు చూశావు?"

"దీపం దించిన రోజునేనండి."

"మరి చెప్పలేదేం?"

"దూలం మీది కదండి." నా వైపు చూడకుండా దీపం వత్తి సరిచేశాడు. "మీరు గోడ విప్పుతారని ఇక్కడ ఖాళీ ఉంచాను. బూడిద పోసేస్తే మీకు మళ్ళీ తోడుకోవడం కష్టం."

"నేను చెప్పకుండా ముట్టించేసి ఉంటే?"

"నీళ్ళకుండ నా కాలి దగ్గరే పెట్టుకున్నానండి," అన్నాడు. "ఆ తరవాత నేనే చెప్పేవాణ్ణి. చెప్పకుండా ఎలా ఉంటానండి, పిల్లలు పడుకునే చోటు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు దొరసాని ముందు నన్ను నిలబెట్టి, ఈయనగారి నిర్వాకం ఇదీ అని చెప్పి ఉంటే, నేను జీవితమంతా అతన్ని హాయిగా ద్వేషించుకునేవాణ్ణి. ఆ సుఖం కూడా దక్కనివ్వలేదు.

దూలాన్ని బారెడు వెనక్కి కోశాం. కింద టేకు స్తంభం నిలబెట్టాను. గోడ కట్టాను, అతను బూడిద నింపాడు. ఒకరోజంతా భుజం భుజం తగులుతూ పని చేశాం. చెబితే నమ్మరు గానీ, అంత బాగా పని సాగిన రోజు నాకు మరొకటి లేదు. అతను చెయ్యి చాపితే ఏం కావాలో నాకు తెలిసేది, నేను చాపితే అతనికి తెలిసేది. దానిక్కూడా ఒళ్ళు మండింది. ఈ మనిషి మా తాపీ ఇంట్లో పుట్టి ఉంటే మా నాన్న మెచ్చుకునేది నన్ను కాదు.

మర్నాడు నేనే ముట్టించాను. పొగ నిటారుగా లేచింది. పైగదిలో ఒక్క పొగ పోగు లేదు. రాక్షసి బొగ్గు ఎర్రగా కణకణలాడుతుంటే అతను పైకి వెళ్ళి పచ్చి గోడకి చెంప ఆనించి, "చల్లగా ఉందండి," అన్నాడు. నన్నూ ఆనించమన్నాడు. ఆనించాను. చల్లగానే ఉంది. వెళ్ళేటప్పుడు రేవు దాకా నాకే చెప్పుకుంటూ వచ్చాడు: ఏడాదికి రెండుసార్లు తుమ్మకంప దింపించండి, ఏటి ఒడ్డు మడచెట్ల పచ్చి కట్టెలు వెయ్యనివ్వకండి, వాటి మసి జిగురు, అదే అంటుకునేది, కట్టె అయితే ఏడాది ఎండాలి. పడవ కదిలాక కూడా ఏదో అరుస్తున్నాడు. నేను వినపడనట్టు తిరిగి వచ్చేశాను.

కానీ చేశాను. నా కాలు విరిగేదాకా ఏటా రెండుసార్లు కంప దింపాను. ప్రతిసారీ అతన్ని తిట్టుకుంటూనే.

ఆ తరవాత నాకు పేరొచ్చింది. దూలం కనిపెట్టిన మేస్త్రి అని దొరల ఇళ్ళ నుంచి, రొట్టెల బట్టీల నుంచి కబుర్లు వచ్చాయి. కథ అడిగితే చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ నాకే నమ్మకం కుదిరింది. ఒకసారి రేవులో ఒక బియ్యం వ్యాపారికి చెబుతున్నాను, ఎలా పొగగూడు చూడగానే నాకు అనుమానం వచ్చిందో. మాట మధ్యలో చూస్తే ఒరల పడవ పక్కన అతను నిలబడి వింటున్నాడు. భుజం ఇంకా దిగిపోయింది. వ్యాపారి అతన్నే అడిగాడు, "నిజమేనా? నువ్వూ ఉన్నావటగా?" అని.

"అవునండి. ఆయనే చెప్పారండి," అన్నాడు. తరవాత నాతో, "మీ గోడ ఎలా ఉందండి?" అన్నాడు.

"బాగానే ఉంది," అని వచ్చేశాను. అదే ఆఖరు చూపు.

మా అమ్మాయి ఇప్పుడు ఆ బడిలోనే టీచరు. కొత్తగా చేరిన పిల్లల్ని ఏటా పైగదిలోకి తీసుకెళ్ళి ఆ స్తంభం చూపించి, మా నాన్న ఆ రోజు చెయ్యి వెనక్కి తీసుకోకపోతే మేమెవరం లేము అని చెబుతుంది. నేను విన్నాను ఆ మాట. కుమ్మరి బతికుండగా అది అబద్ధమని తెలిసినవాడు ఒకడు ఉండేవాడు. ఇప్పుడు లేడు. ఇక ఎవరూ చెప్పరు. ముద్ద దిగనిది అందుకు.

ఇంతవరకు రాసి మూడు రోజులు తలగడ కింద పెట్టుకున్నాను. నిన్న సాయంత్రం అమ్మాయి బడి నుంచి రాగానే కాగితాలు చేతిలో పెట్టాను. చీర కుచ్చిళ్ళు కూడా సర్దుకోకుండా గుమ్మంలోనే కూచుని చదివింది. నేను ఎదురుగా కూచున్నాను. మొహంలో ఏదైనా మారుతుందేమోనని చూశాను, ఆ రోజు దీపం దించినప్పుడు అతని మొహం చూసినట్టే. ఏమీ తెలియలేదు. కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆఖరికి,

"ఆయన పేరేంటి నాన్నా?" అంది.

నేను నోరు తెరిచాను.

"పిల్లలకి చెప్పాలిగా. పేరు రాయలేదు నువ్వు, మొత్తం వెతికాను."

నెల రోజులు పక్కపక్కన పని చేశాం. అతను నన్ను ప్రతి మాటకీ మేస్త్రి గారూ అన్నాడు. నేను కుమ్మరీ అన్నాను. దొరసాని కూడా, సరంగు కూడా, అందరూ ఒరలాయనే అన్నారు, నిజమే. కానీ వాళ్ళకి అడగాలని తోచలేదు. నేను అడగకూడదని అడగలేదు.

పొద్దున్నే కర్ర పట్టుకుని రేవుకి వచ్చాను. ఇది పడవలో కూచుని రాస్తున్నాను. వాళ్ళ ఊరు మధ్యాహ్నానికి వస్తుందట. అతని ఇల్లు అడిగి, పేరు అడిగి, ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పి వస్తాను. కడుపుమంట చల్లారిందా అని మాత్రం నన్ను అడగవద్దు. కాలవ గట్టు మీద ప్రతి నూతి దగ్గరా మెడ చాచి చూస్తున్నాను. ఒక్క ఒరైనా వంకరగా కూచోలేదు. ఒక్కటుంటే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో.